ఒక్క రాత్రి కూడా

"పదిహేనేండ్లల ఒక్క రాత్రన్న నిజాం ఎల్ల దాటి పండుకున్నవా?" అని అడిగాడు కచేరీలో కాగితాలు చూసే పేష్కారు.

"లేదండి. ఒక్క రాత్రి కూడా లేదు," అన్నాడు గురవయ్య. ఆ ఒక్క మాట చెప్పడానికే ఇన్నేళ్లూ బతికిన మనిషి అతను.

ఎల్లారెడ్డి కచేరీలో ఆ పూట అతని అర్జీ విచారణకు వచ్చింది. గురవయ్య కామారెడ్డి రైలు స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. బెజవాడ పక్క పల్లె నుంచి, అంటే ఇంగ్రేజుల ఏలుబడిలోని ఇలాకా నుంచి, పొట్ట చేత పట్టుకుని నిజాం రాజ్యానికి వచ్చాడు. కొడుకు రాఘవులుకు పద్దెనిమిదేళ్లు నిండాయి. ఇదే కచేరీలో నకళ్లు రాసే కొలువు ఖాయమైంది. కాకపోతే కొలువు ముల్కీలకే, అంటే ఈ రాజ్యపు మనుషులకే. తండ్రి తెంపు లేకుండా పదిహేనేళ్లు ఈ గడ్డమీద ఉన్నట్టు తేలితే కొడుకూ ముల్కీయే. తేలకపోతే ఆ కొలువు సాయంత్రానికల్లా ఇంకొకరిది. యుద్ధం రోజుల్లో అలాంటి కొలువు మళ్లీ దొరకడం కల్ల.

వచ్చిన కొత్తలోనే స్టేషన్లో ఎవరో చెప్పారు, ఎల్ల దాటి ఒక్క రాత్రి గడిపినా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుందని. గురవయ్య ఆ మాట పంచె కొంగున ముడి వేసుకున్నాడు. స్టేషన్ కంచెకు అవతల జొన్నరొట్టెలు అమ్ముకునే గౌరవ్వ, ఆ ఇరుకు రైలు క్వార్టర్లో ఎందుకు, మా ఇంట్లో రెండర్రలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి ఉండమంది. అతను కదల్లేదు. కంచె లోపల ఉంటే పొద్దునా సాయంత్రమూ స్టేషన్ మాస్టరు రిజిస్టర్లో హాజరు పడుతుంది. ఊళ్లో ఉంటే రేపు సాక్ష్యానికి ఎవరొస్తారు? ఒకసారి బజారు దొంగ ఒకడు కంచె దూకి స్టేషన్లోకి వస్తే, తరుముకొచ్చిన ఊరి పోలీసు జవాన్లు తీగ దగ్గరే ఆగిపోయారు. లోపలికి రావాలంటే పైనుంచి కాగితం కావాలట. గురవయ్యకు నవ్వొచ్చింది. పోలీసులకే జంకు ఉన్న చోట తన లెక్కకు ఏ ఢోకా ఉంటుంది అనుకున్నాడు.

పదకొండేళ్ల కిందట భార్య శేషమ్మ పురిటికి పుట్టింటికి వెళ్లింది. ఏడేళ్ల రాఘవులును వెంట తీసుకెళ్లింది. నెల తిరగకుండా ఒక పొద్దున తంతి వచ్చింది, ప్రాణం మీదికి వచ్చింది, వెంటనే రమ్మని. స్టేషన్ మాస్టరే చదివి, సెలవిచ్చాను ఎక్కెయ్ అన్నాడు. సికింద్రాబాదు బండి ఎదురుగానే నిలబడి ఉంది. గురవయ్య ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. నాలుగేళ్ల లెక్క ఒక్కసారిగా కళ్లముందు తిరిగింది. రేపటికి నెమ్మదిస్తుందిలే అని మనసుకు తనే అబద్ధం చెప్పుకుని, కాలు దించి, పచ్చజెండా ఊపాడు. బండి వెళ్లిపోయింది.

మూడో రోజు రెండో తంతి వచ్చింది. తల్లీ పోయింది, బిడ్డా పోయింది. కర్మలకైనా వెళ్లలేదు.

మేనమామ తెచ్చి దిగబెట్టిన రాఘవులు ఒకటే అడిగాడు, అమ్మ నిన్నే పిలిచింది, ఎందుకు రాలేదని. గురవయ్య వాడి మూట అందుకుని లోపల పెట్టాడు. వీడికి ఇక్కడ కొలువు చేతికొచ్చిన రోజున చెబుదాం, ఆ కాగితమే జవాబు చెబుతుంది అనుకున్నాడు. వాడు గౌరవ్వ చేతి రొట్టె తిని, ఆమె మాటే నేర్చి పెరిగాడు. తండ్రితో అవసరానికి మించి ఒక్క మాట ఆడలేదు. జెండా ఊపిన ప్రతిసారీ గురవయ్యకు ఆ పొద్దే గుర్తొచ్చేది. ఆ బండి ఎక్కనందుకు ఏడవని రోజు లేదు.

పేష్కారు కాగితాలు తిరగేస్తూ, "పెండ్లాం సచ్చిపోయినప్పుడు గూడ పోలేదా?" అన్నాడు.

"లేదండి."

"ఎందుకు?"

గురవయ్య గుమ్మం దగ్గర నిలబడ్డ కొడుకు వైపు చూడలేక నేల చూశాడు. "లెక్క తెగిపోతుందని. వీడికి ఇక్కడ బతుకు ఉండాలని."

రాఘవులు మెల్లగా వచ్చి తండ్రి పక్కన నిలబడి, మోచెయ్యి పట్టుకున్నాడు.

"గీ ముచ్చట అప్పుడే జెప్పకపోతివి బాపూ," అన్నాడు.

గురవయ్యకు పదకొండేళ్ల బరువు దిగినట్టయింది. శేషమ్మ కూడా వింటూ ఉంటుంది, ఇక క్షమిస్తుంది అనిపించింది. కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి కదపలేదు, కొడుకు పట్టు ఎక్కడ జారుతుందోనని.

పేష్కారు మంజూరు ముద్ర వేసే మొహర్ సిరాలో అద్దాడు. "ఆఖరు సవాల్. మకాం రాయాలె. యాడుంటవ్?"

గురవయ్య స్టేషన్ మాస్టరు ఇచ్చిన రిజిస్టరు నకలు విప్పి, మడతలు సాపు చేసి, బల్లమీద పరిచాడు. "స్టేషన్ కంచె లోపల మూడో నంబరు క్వార్టరండి. మొదటి రోజు నుంచీ అక్కడే పడక. బయట ఇల్లిస్తామన్నా పోలేదు. ఇదిగోండి, ప్రతి రోజూ హాజరు ఉంది."

పేష్కారు నకలు రెండుసార్లు చదివాడు. మొహర్ తిరిగి డబ్బాలో పెట్టేశాడు. తండ్రి ముఖం చూడలేక కొడుకు వైపు తిరిగాడు.

"గా బయటి ఇంట్ల ఉన్నా పని అయిపోతుండె," అన్నాడు.

"ఏమైంది సాబ్? ఏం తక్కువైంది?" అన్నాడు రాఘవులు.

"రైలు కంచె లోపలి జాగ ఇంగ్రేజుల ఇలాకా."