హోర్డింగ్ మీద బొమ్మ

"ఈసారి నువ్వు రానక్కర్లేదమ్మా," అన్నాడు రాంబాబు ఫోన్లో.

జెరూషాకి అర్థం కాలేదు. "అదేంటి అంకుల్, హోర్డింగ్ ఫొటోలు తీయాలన్నారుగా? బుధవారమేగా ఓపెనింగ్?"

"అవుననుకో. ఒకసారి ఫోన్ మీ అమ్మగారికివ్వు."

అమ్మ ఫోన్ తీసుకుని వాకిట్లోకి వెళ్ళింది. చాలాసేపు మాట్లాడింది. లోపలికొచ్చి, ఏమీ జరగనట్టు కుక్కర్ దించింది.

"ఏమంటాడమ్మా?"

"వేరే వాళ్ళని అనుకుంటున్నారంట."

"వేరే వాళ్ళెవరు?"

"రేపు నందిగామ వెళ్ళి మాట్లాడొస్తాగా. నువ్వు చదువుకో."

రాంబాబుకి నందిగామలో చీరల కొట్టు ఉంది. రెండేళ్ళుగా ప్రతి శనివారం యూట్యూబ్‌లో లైవ్ పెడుతున్నాడు. చీర కట్టుకుని కెమెరా ముందు నిలబడేది జెరూషా. పదిహేనో ఏట మొదలుపెట్టింది. ఇప్పుడు పదిహేడు. వాళ్ళ ఊరు చిల్లకల్లులో బస్సెక్కితే కండక్టరు కూడా, "లైవ్ పాపా, ఈ వారం ఏం చీరలు?" అని అడుగుతాడు. అమ్మ ప్రేమకుమారి ప్రతి లైవ్‌కీ తోడు వెళ్ళేది. కుచ్చిళ్ళు సర్దేది, పిన్నులు పెట్టేది, ఒక మూల స్టూలు మీద కూర్చునేది.

'చీర కన్నా అమ్మాయి బాగుంది' అని కామెంట్లు వచ్చేవి. జెరూషా వాటిని ఫోన్లో దాచుకునేది. ఒకసారి మైలవరం నుంచి ఒకావిడ లైవ్‌లోకి ఫోన్ చేసి, "ఆ పిల్లకి గోనెసంచి చుట్టినా బాగుంటుంది. మా వయసువాళ్ళ సంగతి చెప్పండి," అంది. అందరూ నవ్వారు. రాంబాబు నవ్వలేదు.

విజయవాడలో ఒక యాడ్ ఏజెన్సీ వాళ్ళు జెరూషా వీడియోలు చూసి పిలిచారు. "లైవులు ఎవరైనా చేస్తారమ్మా. ఒక్క హోర్డింగ్ పడనీ. అప్పుడు రా, తీసుకుంటాం," అన్నారు. సరిగ్గా అప్పుడే రాంబాబు జగ్గయ్యపేటలో బ్రాంచి పెడుతున్నానని చెప్పాడు. సెంటర్లో హోర్డింగ్ నీదేనని మాటిచ్చాడు. ఆ ఆదివారం జెరూషా చర్చిలో లేచి, ఇది దేవుడు చేసిన మేలని సాక్ష్యం కూడా చెప్పింది. పక్కనే నిలబడి అమ్మ స్తోత్రం చెప్పింది.

ఇప్పుడు రానక్కర్లేదంట.

మర్నాడు అమ్మ నందిగామ నుంచి వచ్చేసరికి చీకటి పడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏడిచావా అమ్మా?"

"లేదే. ఏదో మంట." మంచం మీద కూలబడి అరికాళ్ళు నొక్కుకుంది. "ఒకటే నిలబడ్డం. కాళ్ళు లాగేస్తున్నాయి."

"కూర్చోమని కూడా అనలేదా వాళ్ళు?"

"వాళ్ళ పనిలో వాళ్ళున్నారు. ఎలా అంటారు?"

జెరూషాకి ఒళ్ళు మండిపోయింది. తన మీద అన్ని చీరలు అమ్ముకున్న మనిషి, తన తల్లిని రోజంతా నిలబెడతాడా? వేడినీళ్ళు తొట్టిలో పోసి తెచ్చింది. అమ్మ కాళ్ళు అందులో పెట్టి తనే రుద్దింది.

"ఒప్పుకున్నాడా?"

"ఇంకా తేల్లేదు. రేపు కూడా రమ్మన్నాడు."

"నా కోసం అంత బతిమాలకమ్మా."

అమ్మ కాళ్ళు తుడుచుకుని అటు తిరిగి పడుకుంది.

సోమవారం కాలేజీ గేటు దగ్గర అక్షయ ఆపింది. ఇద్దరూ ఆరో తరగతి నుంచీ ఒకే బెంచీ.

"హోర్డింగ్ ప్రింటయిందే. నువ్వు కాదు."

"నీకెలా తెలుసు?"

"మా బాబాయిదేగా ఫ్లెక్సీ షాపు. సిస్టంలో చూసా."

"ఎవరు?"

అక్షయ బ్యాగు జిప్పు అటూ ఇటూ లాగింది. "నేను చెప్పను."

"నువ్వేగా?"

"ఏంటీ?"

"లైవ్‌కి నన్నూ తీసుకెళ్ళవే అని వెంటపడ్డావు. అంకుల్ నంబరు కూడా నా దగ్గరే తీసుకున్నావు. నమ్మినందుకు బాగా చేసావే."

"పిచ్చిగానీ పట్టిందా? నా మొహానికి హోర్డింగొకటి."

"మరెవరో చెప్పు."

"రోజూ కొట్టుకి వెళ్ళొస్తోంది మీ అమ్మ కదా. ఆవిణ్ణే అడుగు."

జెరూషా ఆ సాయంత్రం ఫోన్లోంచి అక్షయ ఫొటోలన్నీ తీసేసింది. నంబరు బ్లాక్ చేసింది.

"ఆ అక్షయేనమ్మా," అంది.

అమ్మ బియ్యం ఏరుతున్న చెయ్యి ఆగింది. "అయ్యుంటుందిలే," అంది. "గొడవ మాత్రం పెట్టుకోకు."

బుధవారం అమ్మ తెల్లవారకముందే తయారైంది. "ఓపెనింగ్ కదా, అందరూ ఉంటారు. చివరిసారి అడిగి చూస్తా. నువ్వు రాకు. చూస్తే నీ మనసు కష్టపడుద్ది."

జెరూషా ఆగలేకపోయింది. అందరి ముందూ రాంబాబుని నిలదీయాలి. అక్షయ మొహం చూడాలి. తర్వాతి బస్సుకే జగ్గయ్యపేటలో దిగింది.

సెంటర్లో బ్యాండు మోగుతోంది. కొట్టు ముందు జనం. పైన హోర్డింగ్‌కి తెల్లగుడ్డ కప్పి తాడు వేలాడదీశారు. జెరూషా జనంలోంచి తోసుకుంటూ ముందుకెళ్ళింది. ఎవరో చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. అక్షయ. కాలేజీ యూనిఫాంలోనే ఉంది.

"చూడకే. పద, ఇంటికి పోదాం."

"వదులు. నీ బొమ్మ నేను చూడకూడదా?"

అక్షయ చెయ్యి వదల్లేదు. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి.

రాంబాబు తాడు లాగాడు.

గుడ్డ జారింది. పైన ఆకుపచ్చ పట్టుచీరలో, నిండుగా, భుజం మీద పమిట సర్దుకుంటూ నవ్వుతోంది అమ్మ.