గిన్నెడు ఒంటెపాలు

ఒంటె లేచింది. జర్వాన్ నేలకరిచాడు.

ముక్కు చితికి నెత్తురు గడ్డం మీదికి కారింది. లేవబోతుండగా ముసలాయన బెత్తం వీపున ఛెళ్ళుమంది.

"వెనక కాళ్ళు ముందు లేస్తాయని ఎన్నిసార్లు చెప్పాలిరా? వెనక్కి వాలు! నువ్వు మనిషివా, ఖర్జూరపు బస్తావా?"

"కాస్త మెల్లగా నేర్పితే నీ సొమ్మేం పోతుంది?"

"నిన్ను వెతికేవాళ్ళు మెల్లగా వస్తారా? త్వరగా నేర్చుకుని ఇక్కణ్ణుంచి పో!"

జర్వాన్ నెత్తురు తుడుచుకుని ఒంటెను మళ్ళీ కూర్చోబెట్టాడు.

మేనమామ ఖర్జూరపు తోటల్లో పెరిగిన అతడు, ఎడారిలోని తల్లి గుడారానికి వచ్చి ఎంతోకాలం కాలేదు. వచ్చీ రాగానే బావి వద్ద వంతు కోసం తగవులాడి, హజీమ్ తెగకు చెందిన ఖలఫ్ అనే యువకుణ్ణి బాకుతో పొడిచి చంపాడు. రక్తానికి రక్తం తీసుకొనేందుకు ఖలఫ్ ఇంటివారు బయలుదేరారు. ఒంటెమీద పారిపోవడం చేతకానివాడు ఆ ఇసుకలో బ్రతికి బట్టకట్టలేడు.

ముసలాయన ఒకనాటి సాయంత్రం గుడారం ముందు దిగాడు. నోరు తెరిచేలోగానే జర్వాన్ తల్లి షమ్మా గిన్నెడు ఒంటెపాలు చేతికిచ్చింది. ఆయన గిన్నె వంక చాలాసేపు చూసి, తాగాడు. అతిథిని పేరు అడగడం మర్యాద కాదు గనుక ఎవరూ అడగలేదు.

"ఎవడో ఏమిటో తెలియకుండా పాలు పోస్తావా అమ్మా?" అన్నాడు జర్వాన్ ఆ రాత్రి.

"తెలియదు గనుకనే పోశాను నాయనా. మన పాలు కడుపులో ఉన్న మూడు రోజులూ వాడు మన ప్రాణం తియ్యకూడదు."

మూడు రోజులు గడిచినా ముసలాయన కదలలేదు. ప్రతి సాయంత్రమూ గుడారం ముందు నిలబడి పాలు అడిగేవాడు. ఆలస్యమైతే కేకలు వేసేవాడు.

"ముసలాయనా, మా ఒంటెపిల్లకు కూడా కాసిని మిగల్చు!"

"ముందు నాకు పొయ్యమను మీ అమ్మను."

ఒకనాడు బెత్తం చెంప చీల్చింది. జర్వాన్ బాకు దూశాడు. ముసలాయన అతని మణికట్టు మెలితిప్పి, వెల్లకిలా పడదోసి, గుండెమీద మోకాలు పెట్టి, ఆ బాకునే గొంతుకు ఆనించాడు.

"బావి దగ్గర పొడిచింది దీనితోనేనా?"

"దీనితోనే. నువ్వూ రుచి చూస్తావా?"

ముసలాయన బాకు మొన ఇంకాస్త నొక్కాడు. జర్వాన్ మెడమీద నెత్తుటి చుక్క మొలిచింది.

"అమ్మా షమ్మా! పాలు!"

"ఇంకా పొద్దు వాలలేదు అన్నా!"

"ఇప్పుడే కావాలి!"

ఆమె పరుగున తెచ్చింది. సగం గడ్డం మీద ఒలకబోసుకుంటూ ఆయన గటగటా తాగేశాడు.

"కూటికి చచ్చే ముసలి!" అని నవ్వాడు జర్వాన్, మెడ తుడుచుకుంటూ.

కొన్నాళ్ళకు విద్య పట్టుబడింది. బెత్తం మెడకు తగిలీ తగలకముందే జర్వాన్ తెల్లని ఆడ ఒంటె గాలిలో తేలిపోయేది. ఆ తెలుపు ఆ చుట్టుపక్కల మరే ఒంటెకూ లేదు.

ఒక ఉదయం ఇసుకతిన్నె వెనుక దుమ్ము లేచింది.

జర్వాన్ తన ఒంటె వద్దకు పరుగెత్తాడు. ముసలాయన ఒక్క తన్నుతో అతణ్ణి పడదోసి, జీను కట్టి ఉన్న ఆ తెల్లని ఒంటెను తానే ఎక్కాడు. ముఖానికి తలగుడ్డ బిగించి, దుమ్ము లేచిన వైపుకే ఉరికించాడు.

"దొంగ వెధవా! అమ్మా, చూశావా? నన్ను పట్టిచ్చేందుకు పోతున్నాడు!"

ముసలాయన చెయ్యెత్తి ఏదో అరుస్తున్నాడు. గాలి ఎదురుగా ఉంది; ఆ కేకలు అవతలివారికి చేరలేదు.

ఒంటెను చూసి మనిషిని పోల్చే జనం వారు. వారికి జర్వాన్ తెల్లని ఒంటె కనబడింది. తుపాకి పేలింది.

ముసలాయన ఇసుకలోకి ఒరిగాడు.

పాలు పితుకుతున్న షమ్మా, గిన్నెతోనే పరుగెత్తింది. వెనుక తుపాకితో జర్వాన్. వారు చేరేసరికి, కాల్చిన యువకుడు ఒంటె దిగి తలగుడ్డ లాగాడు. అతని చేతిలోని తుపాకి జారిపోయింది.

ముసలాయన అతని చొక్కా పట్టుకొన్నాడు.

"తుపాకులు దించండిరా. ఈ తల్లి పాలు నా కడుపులో ఉన్నాయి. నాకు లేని హక్కు మీకూ లేదు."

షమ్మా గిన్నె పెదవులకు ఆనించింది. పాలు నెత్తుటితో కలిసి బయటికే వచ్చేశాయి.

యువకుడు ఆయన రొమ్ముమీద తల బాదుకొన్నాడు.

"ఖలఫ్‌ను వీడు చంపాడు. నిన్ను నేను చంపాను గదా నాన్నా!"

తన కొడుకును చంపినవాణ్ణి చంపే హక్కు తనకు తిరిగి రాకూడదనే ఆ తండ్రి ప్రతి సాయంత్రమూ పాలకోసం చెయ్యి చాచాడని జర్వాన్‌కు అప్పటికి గాని తెలియలేదు.