పళ్లెంలో మిగిలిన నట్టు

"అత్తయ్యగారూ, ఎర్రబండేదీ?"

"అమ్మాయి వేసుకెళ్లింది బాబూ. కొండ దిగి రైలు గేటు దాకా పోయొస్తానంది. ఇప్పుడే, ఇలా వెళ్లింది."

మాస్టారు చేతిలోని కిరసనాయిలు పళ్లెంలోకి మళ్లీ చూశాడు. అందులో మిగిలింది ఒకే ఒక్క నట్టు. వెనక చక్రం బ్రేకు కడ్డీని పట్టి ఉంచే నట్టు. బండి బిగించాక పళ్లెంలో ఏదైనా మిగిలిందంటే, అది ఉండాల్సిన చోట లేదనే కదా అర్థం!

వీధంతా ఆయన్ని తుప్పు మాస్టారంటుంది. లెక్కలు చెప్పడం ఆయన ఉద్యోగం, పాత మోటారు సైకిళ్లు కొని బతికించడం ఆయన పిచ్చి. కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న ఒక పాకలోంచి రెండు బళ్లు తెచ్చాడు, ఒకటి ఎరుపు, ఇంకోటి నలుపు. ఒకే మోడలు, ఒకే ఏడాది, అచ్చం కవలలు. ఏడాదిన్నర కుస్తీపట్టి, నిన్ననే రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఆఖరి బిగింపులు కానిచ్చాడు. ఎర్రదాని మీద మొదటి సవారీ నాదేనని భార్య మొదట్నుంచీ పేచీ పెడుతూనే ఉంది. ఈయన పళ్లెం కడుక్కునేలోగా అన్నంత పనీ చేసింది.

"బ్రేకు లేదండీ! దానికి బ్రేకు లేదు!"

"బ్రేకు లేకపోవడమేంటయ్యా? ఏడాదిన్నర్నించి ఏం వెలగబెట్టావు మరి?"

"తిట్టడం తర్వాత! ముందు ఫోన్ చేసి ఆగమని చెప్పండి!"

అత్తగారు ఫోన్ చేసింది. అది వంటింట్లో మోగింది.

ముందు బ్రేకు ఆ కాలపు బళ్లకి పేరుకే. కొండ దారిలో మూడు మలుపులు, తర్వాత నిలువు జారుడు, చివర రైలు గేటు. పదింటి రైలు వచ్చే వేళ కూడా అదే. 'నా చేతులతో నేనే చంపుకున్నాను దాన్ని' అనుకున్నాడు.

పరుగెత్తి నల్లబండి ఎక్కాడు. మొదటి తన్నుకే అది అందుకుంది. ఇంకో రోజైతే ఎగిరి గంతేసేవాడే.

"నెమ్మది నాయనా!" అని వెనక నుంచి అత్తగారు అరిచింది.

నెమ్మదా! గాలి చెవుల్లో హోరుమంటోంది. మొదటి మలుపు దగ్గర పక్కనున్న తుప్పల్లోకి చూశాడు. ఎర్రగా ఏదీ కనపడలేదు. రెండో మలుపు గేరు దించి తిప్పాడు. లోయ వైపు చూడాలంటే భయం, చూడకపోతే ఇంకా భయం. 

"పిచ్చి నాదైతే శిక్ష దానికెందుకు దేవుడా?" అని పైకే ఏడ్చాడు. "కావాలంటే నన్ను తీసుకుపో. దాన్ని వదిలెయ్!"

మూడో మలుపు తిరగ్గానే జారుడంతా కనపడింది. కింద గేటు పడి ఉంది. రైలు కూత దగ్గర్లోనే వినిపించింది. గేటుకి ఇవతల ఎర్రబండి స్టాండు వేసి ఉంది. పక్కనే నడుం మీద చేతులు పెట్టుకుని భార్య! నిక్షేపంగా ఉంది!

నల్లబండి జారుడు మీద దూసుకుపోతోంది. ఆవిడ మొగుణ్ణి చూసి చెయ్యి ఊపింది.

"ఏమండోయ్! బ్రేకు భలేగా పట్టిందండీ! కాలు వెయ్యగానే నిలబడిపోయింది!"

మాస్టారికి కళ్లనీళ్లు తిరిగాయి. బతికుంది! ఇంటికెళ్లాక అత్తగారు ఎన్ని తిట్టినా పడతాననుకున్నాడు. నవ్వుతూనే బ్రేకు మీద కాలు వేశాడు.

పెడలు వట్టినే కిందికి దిగిపోయింది.