వేడికి తట్టుకునే తీగ

“ధర సంగతి నాకొదిలెయ్ మేస్త్రీ. హీటరు పక్కన ఉన్నా కరగని తీగ దొరుకుతుందా, దొరకదా?”

కరెంటు మేస్త్రి పనిముట్ల సంచీ కింద పెట్టి ఇంటాయన మొహంలోకి చూశాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. పొద్దున్నే తానే ఫోను చేసి పిలవడమే వింత అనుకుంటే, ఇప్పుడీ మాట!

“నా దగ్గరే ఉందండీ. సిలికాన్ రబ్బరు తొడుగుది. నీళ్ళు మరిగే వేడి దానికో లెక్క కాదు. ఏడాదిగా మీ చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నది దాని గురించేగా!”

“నేను లావు తీగే వేయించాను కదయ్యా అప్పట్లో.”

“లావు కరెంటు మొయ్యడానికండీ. హీటరు ట్యాంకు సెగకి తట్టుకోవాల్సింది పైతొడుగు. మామూలు ప్లాస్టిక్కు ఆ వేడికి మెత్తబడి, తర్వాత పెళుసెక్కి, చివరికి రాలిపోతుంది. అప్పుడు రాగి బయటపడి ట్యాంకుకి ఆనుకుందంటే...”

“పాఠం తర్వాత. ముందు పని కానియ్.”

మేస్త్రికి లోపల ఎంతో సంతోషంగా ఉంది. ఆ వాటాలో అద్దెకుంటున్నది బట్టలు కుట్టుకుని బతికే ఒంటరి ఆడకూతురు, ఆమె చిన్నపిల్ల. కుళాయి ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందని ఆమె ఎన్నిసార్లు మొత్తుకుందో! “అన్నయ్యా, నా సంగతి సరే, పిల్ల స్నానం చేసేది అక్కడే” అని ఆమె అన్నప్పుడల్లా అతను ఇంటాయనకి మళ్ళీ చెప్పేవాడు. తీగ తానే కొని తెచ్చి వేస్తానని కూడా ఓసారి అన్నాడు. నా ఇంట్లో నా అనుమతి లేకుండా మేకు కూడా కొట్టనివ్వనని ఇంటాయన కస్సుమన్నాడు. స్విచ్చి కట్టేశాకే నీళ్ళు ముట్టుకోమని ఆమెకు చెప్పడం తప్ప అతను చేయగలిగింది లేకపోయింది.

“చెల్లెమ్మ కనబడదేం?”

“ఊరెళ్ళింది.”

మేస్త్రి ముందుగదిలోంచి నడుస్తూ కుట్టుమిషను వైపు చూశాడు. చిన్న గౌను సగం కుట్టి సూది కిందే ఉంది. “బట్ట ఇలా వదిలేసి వెళ్ళే మనిషి కాదే!”

“ఏదో తొందర పనట. నాకేం తెలుసు?”

స్నానాలగది తలుపు గడియ ఊడి వేలాడుతోంది. అదేమిటని అడిగితే చెక్క పుచ్చిందని, దాన్నీ మార్పిస్తానని అన్నాడు ఇంటాయన. ఇవాళ ఈయనకి దాతృత్వం పూనినట్టుందని మేస్త్రి నవ్వుకున్నాడు.

మెయిను కట్టేసి పాత తీగ విప్పాడు. ట్యాంకుకి ఆనుకున్న చోట తొడుగు ముట్టుకుంటేనే పొడిపొడిగా రాలింది. లోపలి రాగి నల్లగా మాడి ఉంది.

“చూశారా? ఎర్తు కూడా ఊడిపోయి ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళే అంతా. మీరు ముందే మేలుకున్నారు, పుణ్యం చేసుకున్నారు.”

ఇంటాయన పాత తీగ అతని చేతిలోంచి లాక్కుని చుట్టచుట్టి తను తెచ్చిన సంచీలో కుక్కాడు.

“ఉంచండి, చెల్లెమ్మకి చూపించి నాలుగు చీవాట్లు పెడతాను.”

“చెత్త ఇంట్లో ఎందుకు? నేను పారేస్తాలే.”

కొత్త తీగను ట్యాంకుకి ఎడంగా తిప్పి, గోడకు బిగించి, ఎర్తు కలిపాడు మేస్త్రి. మెయిను వేసి, టెస్టరు పెట్టి ప్రతి చోటా చూశాడు. ఎక్కడా వెలగలేదు. తన సొంత ఇంట్లో కూడా అంత శ్రద్ధగా చేసి ఉండడు.

ఇంటాయన మాత్రం పెదవి విరిచాడు. “మరీ తళతళలాడుతోందయ్యా. కాస్త మసి పుయ్యి.”

“మసిపూసి మారేడుకాయ చెయ్యమంటారా? ఎందుకండీ?”

“ఆవిడ సంగతి నీకు తెలీదు. కొత్త తీగ కంటబడిందంటే రేపు సున్నం అంటుంది, ఎల్లుండి కొత్త కుళాయిలు అంటుంది. ఎప్పట్నుంచో ఉన్నట్టే ఉండాలి.”

మేస్త్రి పగలబడి నవ్వాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు! పోనీ, తీగ పాతగా కనిపిస్తే నష్టమేముంది, తల్లీపిల్లా క్షేమంగా ఉంటే చాలు. పొయ్యి దగ్గరి మసిని గుడ్డతో తెచ్చి తీగ పొడవునా రాశాడు. మరమేకుల మీద దుమ్ము కూడా అద్దాడు. పని పూర్తయ్యేసరికి అది ఆ గోడతోపాటే పుట్టినట్టుంది.

మొహం కడుక్కుందామని వాకిట్లోకి వచ్చాడు. ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి అతన్నే చూస్తోంది. పలకరించబోతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఇవాళ అందరికీ ఏమైందో అనుకున్నాడు.

అంతలో ఇద్దరు మనుషులు వచ్చారు. “తనిఖీకొచ్చారు. అడిగిందానికి జవాబు చెప్పు చాలు” అని ఇంటాయన అతని చెవిలో ఊది, వాళ్ళను స్నానాలగదిలోకి తీసుకెళ్ళాడు. ఒకతను మీటరు తీసి ట్యాంకుకి, కుళాయికి పెట్టి చూశాడు. రెండో ఆయన తీగను వేలితో రాసి, అంటిన మసిని చూసుకున్నాడు.

“మంచి రకమే వేయించారే! ఈ పని ఎవరిది?”

“ఇదిగో, ఈ మేస్త్రిదే సార్” అన్నాడు ఇంటాయన.

“నువ్వే వేశావా?”

మేస్త్రి ఛాతీ పొంగింది. “నా చేతుల్తో వేశానండీ. ఈ తీగ ఉండగా ఇక్కడ చీమకు కూడా షాకు కొట్టదు. పూచీ నాది.”

ఆయన అతన్ని ఎగాదిగా చూశాడు.

“మరి నిన్న ఆవిడ ఎలా చచ్చిపోయింది?”