ఐతవారం పాఠం

చప్పట్లు మళ్ళీ మోగాయి. ముందు వరుసలో కూర్చున్న సిద్ధరాములుకు కడుపులో భగ్గుమంది.

సోలాపూర్‌లోని కుంఠా నాకా యూనియన్ ఆఫీసులో ఆదివారం మార్క్సిజం పాఠం చెప్పేది పద్దెనిమిదేళ్ళుగా తనే. నిన్నగాక మొన్న వచ్చిన రాజారాం చెప్తుంటే మరమగ్గాల సాంచాలు నడిపేవాళ్ళూ, బీడీలు చేసే ఆడవాళ్ళూ నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా! పైగా ఇకమీదట పాఠం ఎవరు చెప్పాలో ఈ పూటే చేతులెత్తి తేల్చేస్తారట.

"పోస్ట్ మోడర్నిజం అంటే గంతే," అన్నాడు రాజారాం. "సత్యమనేదే లేదు, ఎవరి కథ వాళ్ళకు నిజం, వాళ్ళకు ఖరం అంటరు ఆ తాత్వికులు. మరి సత్యమే లేకుంటే అన్యాయాన్ని ఏం పట్టుకొని నిలదీస్తవు? మార్క్సిస్టులు అడిగేది గిదే."

మళ్ళీ చప్పట్లు. సిద్ధరాములు భార్య కమల కూడా కొట్టింది. బీడీ ఆకు కత్తిరించే కత్తెర ఒళ్ళో పడేసి మరీ కొట్టింది!

నిజానికి ఆ మాటలన్నీ సిద్ధరాములు కూడా నమ్మేవే. కాకపోతే తన నోట రావలసినవి వాడి నోట వచ్చాయి. ఆ మంటే అతన్ని లేపి నిలబెట్టింది.

"ఆగు రాజారాం! నేను ఒప్పుకోను."

"ఏది ఒప్పుకోవన్నా?"

"సత్యం ఒక్కటే అని ఎవరు తేల్చిన్రు? నువ్వా? కమలా, పొద్దున మనింట్ల చాయ్ ఎట్లుండె?"

"చప్పగుండె," అంది కమల.

"అదే గిన్నెల చాయ్ నాకు తియ్యగుండె. ఎవరిది ఖరం, ఎవరిది ఝూట్?"

హాలంతా నవ్వింది. సిద్ధరాములుకు ఊపొచ్చేసింది.

"ఇద్దరిదీ ఖరమే! కార్ఖానా మాలకునికి ఒకటి కనబడ్తది, మనకు ఇంకొకటి. ఎవరి నిజం వాళ్ళది. తప్పు అనెటందుకు మనమెవరం?"

"అన్నా, చాయ్ రుచి వేరు, జరిగిన సంగతి వేరు..." అని రాజారాం అంటూనే ఉన్నాడు. చప్పట్లలో ఎవరికీ వినపడలేదు.

చేతులు లేచాయి. ఒక్క కమల చెయ్యి తప్ప అన్నీ సిద్ధరాములుకే. రాజారాం కాగితాలు మడుచుకుని కిందికి దిగిపోయాడు. వాడి ముఖం అలా వాడిపోవడం చూస్తుంటే సిద్ధరాములుకు ప్రాణం లేచొచ్చింది.

అంతలో వెనకనుంచి ఎవరో జనాన్ని తోసుకుంటూ వచ్చి, సోలాపూర్ మర్యాద ప్రకారం కొత్త టవల్ అతని భుజాల మీద కప్పారు. చూస్తే పక్క కార్ఖానా యజమాని బాలయ్య శేఠ్!

"శాబాస్ సిద్ధరాములూ! కిటికీ కాడ నిలబడి అంతా విన్న. రేపు మా కార్ఖానాకొచ్చి గిదే పాఠం చెప్పాలె. మొన్న సాంచా బెల్టు పట్టాల చిక్కి మా కాడ పనిచేసే శుభమ్ చెయ్యి నలిగింది కద? మిషన్ ఖరాబుండెనని మావోళ్ళంతా ఒకటే లొల్లి. అది వాళ్ళ నిజమని, నాది వేరేనని జర సమ్జాయించు!"