బీకన్ మూగబోయిన అరగంట

“కునుకు మేస్త్రీ వచ్చాడర్రా! కుర్చీ వేయండి, దానిమీద ఓ దిండు కూడా పడేయండి!”

మీసాల పైలట్ ఆ మాట అనగానే ఎయిర్‌పోర్టు క్యాంటీనంతా గొల్లుమంది. గుమ్మంలో నిలబడ్డ ముసలి మేస్త్రీ కూడా అందరితోపాటు నవ్వేశాడు గానీ, పక్కనున్న ఆయన భార్య మాత్రం చేతిసంచిని గుండెలకి అదుముకుని తల దించుకుంది. అది చూసిన పెద్ద కెప్టెన్ నోటిదాకా తెచ్చిన టీ గ్లాసు దించేశాడు.

ఆ సాయంత్రం నాలుగింటికి రన్‌వే చివరి గదిలో ఉన్న రేడియో బీకన్‌ని శాశ్వతంగా ఆపేస్తున్నారు. ఇప్పుడు విమానాలకి ఉపగ్రహాలే దారి చెబుతున్నాయి, దానితో ఇంక పనేముంది! ఒకప్పుడు మాత్రం మబ్బు కమ్మిందంటే అదే దిక్కు. బీకన్ కుయ్ కుయ్‌మని కూత పెడుతూ ఉండేది. విమానంలో గడియారం లాంటి పళ్లెంలో ఓ ముల్లు, కూత ఎటునుంచి వస్తే అటు తిరిగేది. దాని వెంట పోతే ఊరొచ్చేది. ఆ ముల్లుతో బతికిన పాత పైలట్లందర్నీ పిలిచి, ఆఖరి స్విచ్చి ఆపే గౌరవం పెద్ద కెప్టెన్‌కి ఇచ్చారు.

“ఆ ముల్లు సంగతి చెప్పకు! ఉరుము ఎటు ఉరిమితే అటు తిరిగేది, కొత్త అల్లుడు వంటింటి వైపు చూసినట్టు,” అన్నాడు మీసాలాయన.

“మేస్త్రీగారి బీకన్ కూత మాత్రం తక్కువదా? క్వార్టర్స్‌లో ఉన్న ప్రతి ట్రాన్సిస్టర్‌లోకీ దూరేది. పల్లవిలో ఓ కుయ్, చరణంలో ఓ కుయ్!” అన్నాడు బట్టతల పైలట్. “అదంతా సరేగానీ, పెద్దాయన కథ వినాలి. బీకన్ మూగబోయినా నలభై మందిని ప్రాణాలతో దించాడు. చెప్పు బావా, ఇంకోసారి చెప్పు!”

ముప్పయ్యేళ్లుగా చెబుతున్న కథే. మబ్బుల్లో ఉండగా బీకన్ అరగంటసేపు ఆగిపోయిందని, దారి తప్పినా ధైర్యం చెడకుండా అడుగంటిన ఇంధనంతో విమానాన్ని దించానని కెప్టెన్ రిపోర్టు రాశాడు. ఆయనకి వెండి పళ్లెం ఇచ్చారు. బీకన్ డ్యూటీలో కునుకు తీశాడని మేస్త్రీని ఆరేళ్లు కొండమీది స్టేషన్‌కి తోలారు. విచారణలో మేస్త్రీ నోరు విప్పలేదు, అవుననీ కాదనీ అనలేదు. ఆ మౌనమే కెప్టెన్‌ని ఇన్నాళ్లూ కొరుక్కుతింది.

మేస్త్రీ భార్య టీ గ్లాసు అందుకుంటూ మెల్లగా అంది. “ఆ కొండమీద మా పెద్దదానికి బడి కూడా లేదు అన్నయ్యగారూ. పోనీలెండి, అయిందేదో అయింది. కానీ ఎక్కడికెళ్లినా ‘కునుకు మేస్త్రీ పెళ్లాం’ అంటారు చూడండీ, అదే... నా కాపురంలో ఈయన పగలు కన్ను మూయడం నేనైతే చూళ్లేదు.”

కెప్టెన్‌కి తల కొట్టేసినట్టయింది. గ్లాసు బల్లమీద పెట్టేశాడు. లేచి నిలబడ్డాడు.

“చెబుతాను. ఈసారి నిజం చెబుతాను. ఆ రోజు ఆగింది బీకన్ కాదు, నా బుద్ధి. రెండున్నరకి రేడియోలో పాత పాటలు వచ్చేవి, గుర్తుందా? ఆ ముల్లు తిప్పే రేడియోలోనే పాటల స్టేషన్ కూడా పట్టేది. ఒక్క పాట విని మళ్లీ బీకన్‌కి తిప్పుదామనుకున్నాను. పాట మీద పాట... తిప్పడం మరిచిపోయాను. పక్కన కో-పైలట్, పాపం ఇప్పుడు లేడు, తొడమీద తాళం వేస్తున్నాడు. ముల్లు చూపిస్తోంది కదా అని పోయాను. మబ్బు విడాక కిందికి చూస్తే రన్‌వే ఏదీ? పాటల స్టేషన్ వాళ్ల స్తంభం!”



“ముందు కూత చెవితో విని, మన బీకనేనని తేల్చుకున్నాకే ముల్లు మొహం చూడమని మాకు నేర్పింది నువ్వు కదా బావా!” అన్నాడు బట్టతలాయన.

“నేనే.”

“మరి తర్వాతైనా బీకన్‌కి తిప్పావా?”

“తిప్పాను, మూడు దాటాక. నిక్షేపంగా కూత వినిపించింది. ముల్లు గిర్రున వెనక్కి తిరిగింది. అయినా ఉద్యోగం పోతుందన్న భయంతో, అది ఆగిపోయిందని రాసేశాను.”

మీసాల పైలట్ మీసం మీది చెయ్యి తీసి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. కెప్టెన్ వెళ్లి మేస్త్రీ రెండు చేతులూ పట్టుకున్నాడు.

“నిన్ను చూడ్డానికి నాకు మొహం చెల్లడం లేదు మేస్త్రీ. స్విచ్చి ఆపాల్సింది నువ్వు, నేను కాదు. నీ తప్పేం లేదని ఇప్పుడే పైవాళ్లకి కాగితం రాసిస్తాను.”

“విన్నారా అందరూ!” మేస్త్రీ భార్య గొంతు క్యాంటీనంతా మోగింది. “మా ఆయన అలాంటి మనిషి కాదని నేను మొత్తుకుంటూనే ఉన్నాను!” కళ్లు తుడుచుకుంటూనే మొగుడి చొక్కా కాలరు సర్దింది.

మేస్త్రీ మాత్రం తలెత్తలేదు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. అందరూ బీకన్ గది వైపు కదిలాక, భార్య నాలుగడుగులు ముందుకు వెళ్లేదాకా ఆగి, కెప్టెన్ మోచెయ్యి పట్టుకుని చెవిలో అన్నాడు.

“కాగితం రాయకండి సార్. నేను కునుకు తీయలేదు, అంతవరకు నిజమే... ఆ పాటల మధ్యలో కుయ్ కుయ్‌మంటోందని, రెండున్నర నుంచి మూడింటి దాకా బీకన్ నేనే ఆపేశాను.”