పెట్రోలు వాసన

బాలాంబగారు గేటు పట్టుకుని అరవడం మొదలుపెట్టేసరికి సుధీంద్ర ఇంకా కారు తాళం కూడా తిప్పలేదు.

"మళ్ళీ పెట్రోలు కంపు. ఈ లైన్లో మనుషులుండాలా, వొద్దా?"

సుధీంద్ర ఇంజన్ స్టార్ట్ చేసి, కావాలనే రెండుసార్లు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాడు. ఆవిడ చెవులు మూసుకుని లోపలికి పోయింది. ఆ పూటకి అతనికి అదే తృప్తి.

బరంపురం గాంధీనగర్‌లో ఒకే గోడకి అటొకటీ ఇటొకటీ వాళ్ళ ఇళ్ళు. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. అతను బ్యాంకు ఉద్యోగి. రెండేళ్ళ కిందట ముచ్చటపడి ఓ పాత జపాన్ స్పోర్ట్స్ కారు కొన్నాడు. మామూలు పిస్టన్లు ఉండవు దానికి. మూడు మూలల దిమ్మలు గిర్రున తిరిగే రోటరీ ఇంజన్. దాన్ని పెట్టుకోవడానికి షెడ్డు వేస్తూ, గోడ దాటి ఇటు వాలిన ఆవిడ సన్నజాజి పందిరిని అడక్కుండా కొట్టించేశాడు.

ఆ రోజు నుంచి మాటల్లేవు. తిట్లే.

పెట్రోలు కారుతోందన్న గొడవ ఆరునెలల కిందట మొదలైంది. కంపుకి నిద్ర పట్టడం లేదని, ఏదో రోజు రెండిళ్ళూ తగలబడతాయని లైనంతా తిరిగి చెప్పింది. సుధీంద్ర ముగ్గురు మెకానిక్కులకి చూపించాడు. కారుని పైకెత్తి కింద వెతికారు. చుక్క కూడా లేదు. రోటరీ బండి అన్నాక కాస్త వాసన మామూలేనని తేల్చేశారు.

ఓసారి కారు రంగు వేయించడానికి వారం రోజులు దిగపహండి ఊళ్ళో పెయింటరు దగ్గర వదిలాడు. ఆ వారం కూడా ఆవిడ కంపు కంపని అరిచింది.

"కారే ఇంట్లో లేదు. కంపెక్కణ్ణుంచొచ్చింది?" అని నిలదీశాడు.

"గోడకి పట్టేసింది. నీకు తెలీకపోతే నాకూ తెలీదా?" అందావిడ, కన్నార్పకుండా.

ఇక ఆవిడ మాట చెవిన పెట్టకూడదని అతను నిశ్చయించుకున్నాడు. ఆవిడ ఊరుకోలేదు. అగ్నిమాపక కేంద్రంలో అర్జీ పెట్టింది. అక్కణ్ణుంచి ఒకాయన వచ్చి, లీకు లేదని ఎవరైనా మంచి మెకానిక్కు చేత కాగితం రాయించి ఇమ్మని మర్యాదగానే చెప్పి వెళ్ళాడు.

ఆ కాగితం నకలు ఒకటి ఆవిడ మొహాన కొట్టాలి. ఆ ఒక్క కోరికతో సుధీంద్ర గోపాలపూర్ రోడ్డులో ఉన్న వీరన్న షెడ్డుకి వెళ్ళాడు. వీరన్న చేపల పడవల ఇంజన్లతో మొదలుపెట్టి కార్లకి వచ్చిన మనిషి. సంతకం పెడితే చాలని సుధీంద్ర అంటే అతను తల అడ్డంగా ఊపాడు.

"బండి ఒగ్గేసెల్లండి బాబూ. సల్లారిపోయాక సూడాల. ఏడిగున్నప్పుడు కారింది కారినట్టే ఆవిరైపోద్ది, ఏటీ కనపడదు."

మర్నాడు పొద్దున్నే ఫోను చేసి రమ్మన్నాడు. సుధీంద్ర వెళ్ళేసరికి ఇంజన్ మీది గాలి గొట్టాలన్నీ విప్పేసి ఉన్నాయి. వీరన్న ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా, పెట్రోలు పంపు ఒక్కటే నడిపించి, లోతుగా టార్చి వేశాడు. గొట్టాల మరుగున రూపాయి బిళ్ళంత గుండ్రటి రేకు ముక్క. పంపు కొట్టే పెట్రోలు అదురుని అణిచే భాగం అది. దాని నెత్తిమీద నీటిబొట్టులా ఓ చుక్క ఊరింది. నిండింది. జారి ఇంజన్ మీద పడింది. వెనకే ఇంకోటి.

"లోపల పొర సిట్లిపోనాది. రబ్బరు పైపులు సూడండి, కర్రలైపోనాయి. ఇంజన్ కాలతన్నప్పుడు ఈ సుక్క నిప్పు మీద పడిందనుకోండి, తలుపు తీసుకోడానికి కూడా టైముండదు."

సుధీంద్ర పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు. మర్నాడే ఆదివారం. ప్రతి ఆదివారం అతను ఎనిమిదేళ్ళ కూతురు నీహారికని పక్కన కూర్చోబెట్టుకుని గోపాలపూర్ బీచికి తీసుకెళ్తాడు.

వీరన్న నాలుగు రోజులు తీసుకున్నాడు. ఆ భాగం పీకేసి గట్టి బోల్టు బిగించాడు. పైపులన్నీ కొత్తవి వేశాడు. కింద తెల్ల కాగితాలు పరిచి అరగంట పంపు నడిపాడు. కాగితాలు పొడిగానే ఉన్నాయి. అప్పుడు సంతకం పెట్టాడు.

సుధీంద్ర ఆ కాగితం జేబులోనే ఉంచుకున్నాడు. దారిలో ఛెనాపోడొ మిఠాయి పొట్లం కట్టించుకుని, రెండేళ్ళ తర్వాత మొదటిసారి బాలాంబగారి గడప ఎక్కాడు. ఆవిడ హాల్లో, వంటింటి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చునుంది. లీకు నిజమేనని చెప్పాడు. అబద్ధమాడుతున్నారనుకున్నానని, క్షమించమని అడిగాడు. పందిరి సంగతికి కూడా తప్పు ఒప్పుకున్నాడు.

బాలాంబగారు ఓ క్షణం అతనివంక అదోలా చూసింది. వెంటనే మొహం గట్టిపడిపోయింది. పొట్లం ముట్టుకోలేదు.

"నీ కూతురు బతికుందంటే నా ముక్కు పుణ్యం. ఎల్లు ఇంక."

అతను తల వంచుకుని లేచాడు. గుమ్మం దాటబోతూ ఆగాడు. ఏదో మాడుతోంది. ఘాటుగా, హాలంతా కమ్మేసేలా. ఆవిడ కదల్లేదు. సుధీంద్రే వంటింట్లోకి పరుగెత్తి స్టవ్ కట్టేశాడు. పాలగిన్నె అడుగంతా బొగ్గు.

మేడ మీంచి బట్టలు తీసుకుని దిగివచ్చిన ఆవిడ కోడలు ఇంద్రజ గబగబా గిన్నె దించింది. మీ అత్తగారు పక్కనే కూర్చున్నారు కదా, మిమ్మల్ని పిలవలేదేమని అతను అడిగాడు.

"ఆవిడకేటి తెలుస్తాదండీ," అంది ఇంద్రజ కిటికీ తెరుస్తూ, "మూడేళ్ళ కిందట కరోనా వొచ్చి తగ్గిన కాణ్ణించి మా అత్తకి ఏ వాసనా తెలీదు కదా."